ఎలా వినిపిస్తున్నాను?

అన్యాయం జరిగింది ఎవరికి? ఏటి ఇవతలి గట్టున పుస్తకాలు బైండు చేసే గదిలో, కత్తెరకూ జిగురు డబ్బాకూ మధ్య చిన్న రేడియో సెట్టు పెట్టుకున్న ఆవిడకు. ఎలా జరిగింది? ఆవిడను ఎవరూ తిట్టలేదు, తక్కువ చేసి మాట్లాడలేదు. రేడియోలో మాట్లాడే లైసెన్సు చేతికొచ్చిన నాటి నుంచీ ప్రతి ఉదయమూ నిండు మార్కులే వేశారు. ఆ నిండు మార్కుల వల్లనే జరిగింది. మెప్పు వల్ల మనిషికి అన్యాయం ఎలా జరుగుతుందో ఆవిడకే మొదట బోధపడలేదు గనుక, ఆ నాలుగైదు రోజుల సంగతీ వరసగా చెప్పుకోవడమే మంచిది.

బుధవారం ఉదయం ఆవిడ ఒక పాత నిఘంటువు వీపుకు గుడ్డ అంటిస్తోంది. ఎడమచేత్తో అట్టను అదిమిపట్టి, కుడిచేత్తో సెట్టు మీట తిప్పింది. ఆ వేళకు ఊళ్ళోని రేడియో క్లబ్బువాళ్ళందరూ ఒకే తరంగం మీద కలుస్తారు. క్లబ్బులో ఈ విద్య నేర్పే మేష్టారు ఒక్కొక్కరినీ పిలుస్తారు. పిలిపించుకున్నవాళ్ళు "ఎలా వినిపిస్తున్నాను?" అని అడగాలి. దానికి జవాబు రెండంకెలు: మొదటిది మాట ఎంత స్పష్టంగా ఉందో చెబుతుంది, అయిదుకు మించదు. రెండోది ఎంత బలంగా చేరిందో చెబుతుంది, తొమ్మిదికి మించదు. అయిదు–తొమ్మిది అంటే ఇక వంక పెట్టడానికి లేదని.

"ఇవతలి గట్టు బైండరమ్మగారు," అని మేష్టారు పిలిచారు. క్లబ్బులో ఆవిడ పేరదే.

"నమస్కారం మేష్టారూ. ఎలా వినిపిస్తున్నాను?"

"అయిదు–తొమ్మిది అమ్మా. బ్రహ్మాండం. ఏమన్నారో మళ్ళీ ఒకసారి చెప్పండి?"

ఆవిడ మళ్ళీ చెప్పింది. ఆయన మళ్ళీ బ్రహ్మాండమన్నారు. తరవాత గొంతు సవరించుకుని, ఆదివారం జరగబోయే వరద కసరత్తులో ఎవరెవరు ఎక్కడ కూర్చోవాలో చదివారు. వంతెన దగ్గర ఒకరు, ఆసుపత్రిలో ఒకరు, నగరపాలక కార్యాలయంలో కసరత్తు నడిపే అధికారి పక్కన తాను. "ఇవతలి గట్టు పోస్టు మన మందులషాపాయన చూసుకుంటారు. అంతే. అందరికీ సెలవు."

జిగురు ఆరిపోతున్న గుడ్డ మీద ఆవిడ చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఆ పోస్టు కోసమే ఆవిడ ఈ విద్యలోకి దిగింది. ఏరు పొంగితే వంతెనకు గొలుసు వేస్తారు. గొలుసు పడితే ఇవతలి గట్టుకు మందూ మాటా రెండూ ఆగిపోతాయి. పోయిన వానాకాలంలో వదినకు ఉబ్బసం ముదిరిన పూట, ఇవతలి షాపులో మందు నిండుకుని, పడవ వస్తుందో రాదో చెప్పే నాథుడు లేక ఇద్దరు ఆడవాళ్ళూ గుమ్మంలోనే కూర్చుండిపోయారు. ఈ వానాకాలం అలా కూర్చోకూడదని ఆవిడ పట్టుదల.

"ఏమైందే, మొహం అట్టలా బిగుసుకుపోయింది?" అంటూ వదిన లోపలి నుంచి వచ్చింది. బైండరమ్మ భర్త లారీల మీద తిరుగుతుంటాడు. ఇంట్లో ఉండేది ఆయన అక్క అయిన ఈ వదినా, ఆవిడా.

"నాకు పోస్టు ఇవ్వలేదు వదినా."

"ఇప్పుడేగా బ్రహ్మాండం అన్నాడు ఆయన?"

"అన్నారు."

"నూటికి నూరొచ్చిన పిల్లను ఫెయిలు చేసే బడి ఎక్కడిదే ఇది?"

ఆవిడకూ అదే అర్థం కాలేదు.

మధ్యాహ్నం మాత్రలు కొనే మిషతో మందులషాపుకు వెళ్ళింది. షాపాయన బల్ల వెనక, మందులు చల్లగా ఉంచే ఫ్రిజ్జు పక్కన, తన సెట్టును బొమ్మలా తుడిచి పెట్టుకున్నాడు. ఆవిడను చూడగానే లేచాడు.

"రండి అక్కగారూ. వదినగారికి మళ్ళీ ఆయాసమా?"

"ఆయాసం ఆవిడకు కాదు, నాకు. నా దగ్గర ఏం లోపం చూశారో మీకైనా తెలుసా?"

ఆయన మాత్రల పట్టీని కాగితంలో చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు. "మీకు లోపమేమిటండీ! మీ సిగ్నలు మేలిమి బంగారం. పైవాళ్ళ నిర్ణయం... నేను అడగలేదండీ, ఒట్టు."

"అడిగారని నేననలేదు. ఎందుకు అని అడుగుతున్నాను."

"అక్కగారూ, చిల్లర ఉందా?" అన్నాడాయన, నేల చూపులు చూస్తూ.

బంగారమే అయితే తూకం వేసేవాళ్ళు మొహం ఎందుకు తిప్పుకుంటున్నారు? దారంతా అదే ప్రశ్న. బహుశా పుస్తకంలో తనకు అర్థంకాని మాట ఏదో ఉంది, అందరికీ తెలిసిన ఆ లోపం తనకొక్కతెకే తెలియడం లేదు, అనుకుంది. ఇంటికి రాగానే, కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం క్లబ్బు అచ్చువేసిన పాఠ్యపుస్తకం తీసింది. ఆ పుస్తకాన్ని కుట్టింది కూడా ఆవిడే. కుట్టు ఎక్కడా వదులుగా లేదు. లోపలి మాటలు మాత్రం ఎంత లాగినా బిగువుకు రావడం లేదు.

"రెసిస్టెన్సు అంటే అడ్డు," అని పైకి చదువుకుంది. "ఇంపిడెన్సు అంటేనూ అడ్డే."

మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తున్న వదిన తలెత్తింది. "ఒక అడ్డుకు రెండు పేర్లెందుకే?"

"మొదటిది ఎవరొచ్చినా ఒకేలా అడ్డుకుంటుందిట. రెండోది వచ్చేవాడి వేగాన్ని బట్టి అడ్డుకుంటుందిట."

"అయితే మొదటిది మా తమ్ముడు. రెండోది మీ మేష్టారు."

ఆవిడకు నవ్వు వచ్చింది గాని నిలవలేదు. "నిలువు తరంగం అని ఇంకోటుంది వదినా. మనం పంపింది ఏరియల్‌లోకి పూర్తిగా పోకుండా కొంత వెనక్కి తిరిగొస్తే, పోయేదీ వచ్చేదీ కలిసి తీగలో అలాగే నిలబడిపోతాయిట."

"గుమ్మంలో ఇద్దరు పెద్దమనుషులు 'ముందు మీరు', 'అబ్బే, ముందు మీరు' అనుకుంటూ దారికి అడ్డం నిలబడినట్టు."

"అదే."

"మరి అలా తిరిగొస్తే మనిషికి తెలియదా?"

"మీటరు పెట్టి చూస్తే తెలుస్తుంది. క్లబ్బువాళ్ళు వచ్చి చూశారు, నా తీగ బాగానే ఉందన్నారు." ఆవిడ పుస్తకం మూసింది. బాగానే ఉంది. అంతా బాగానే ఉంది. మరి తాను ఎందుకు లేదు?

గురువారం లేచిన గాలి శుక్రవారానికి ఈదురుగాలి అయింది. కిటికీ రెక్కలకు కాగితపు మడతలు దోపి, ఆవిడ పనిలో కూర్చుంది. మేష్టారి సమావేశం ముగిసింది, ఆనాడూ అయిదు–తొమ్మిదే. ఎవరైనా కొత్తవాళ్ళు తగిలితే బాగుండునని వేరే తరంగం మీదికి మార్చి పిలిచింది. కాసేపటికి ఎక్కడో దూరపు స్టేషను నుంచి మొరటు గొంతొకటి జవాబిచ్చింది. అదీ ముక్కలు ముక్కలుగా వస్తోంది. పాపం, ఆయన సెట్టు పాతది కాబోలు అనుకుంది. అలవాటు ప్రకారం, "మీరు అయిదు–తొమ్మిది. నేనెలా వినిపిస్తున్నాను?" అంది.

"మూడు–నాలుగు."

తప్పు విన్నానేమోనని ఆవిడ మళ్ళీ అడిగింది.

"మూడు–నాలుగు అన్నాను. మీ మాట తునిగిపోతోంది. సగం ఇక్కడికి రావడమే లేదు. ముందు అది చూసుకోండి."

"మా క్లబ్బులో అందరూ అయిదు–తొమ్మిది అంటారండీ," అంది ఆవిడ, ఇంటిపరువు కాపాడుకునే గొంతుతో.

"అననివ్వండి. మీరూ నాకు అయిదు–తొమ్మిది ఇచ్చి, నేనన్నది ఇప్పుడే మళ్ళీ అడిగారు. అర్థమైతే అడుగుతారా? ఆ అంకెలు మర్యాద కోసం పెట్టినవి కావమ్మా. ఉంటాను."

గొంతు పోయింది. ఆవిడ చెవులు వేడెక్కాయి. "ఎవడో పొగరుబోతు," అంది సెట్టు వంక చూస్తూ. "నోట్లో నాలిక ఉందని..."

"పొగరు సంగతి సరే గాని," అంది వదిన తలుపు దగ్గర నుంచి, "నాకో అనుమానమే. ఆయనకు నత్తి. పొద్దున మేష్టారికి నత్తి. నిన్న ఆసుపత్రి ఆయనకూ నత్తి. ఊళ్ళో అందరికీ ఒకేసారి నత్తి ఎలా వస్తుందే? అదీ గాలి వీచినప్పుడే?"

ఆవిడ సూది గుచ్చబోతూ ఆగిపోయింది.

ఇన్నాళ్ళూ వాళ్ళ మాటలు తెగుతుంటే, వాళ్ళ సెట్లు అంతంతమాత్రమని జాలిపడింది. ఎవరినీ నొప్పించకూడదని అందరికీ అయిదు–తొమ్మిది ఇచ్చింది. తెగుతున్నది తన తీగే అయితే, వచ్చేదీ అక్కడే తెగుతుంది, పోయేదీ అక్కడే తెగుతుంది.

మేడ మీదికి వెళ్ళింది. ఏరియల్ గడకు కట్టిన కేబులు గాలికి ఊగుతోంది. కింద వదిన సెట్టు ముందు కూర్చుని, వాతావరణం చెప్పే స్టేషను పెట్టుకుని, కిటికీలోంచి కేకేస్తోంది.

"ఉంది... ఉంది... పోయింది! ఏం చేశావే?"

"కొంచెం వంచాను."

"ఇటు వంచితే వస్తోంది. అటు వంచకు!"

తీగంతా జానెడు జానెడు పట్టి చూసుకుంటూ చివరికి ఏరియల్‌కు బిగించే ప్లగ్గు దగ్గరికి వచ్చింది. దాన్ని పట్టుకుంటే గొంతు వస్తోంది, వదిలితే పోతోంది. ప్లగ్గు ఊడదీసి, కిందికి తెచ్చి, బైండింగు కత్తితో పైతొడుగు కోసి చూసింది. నడిమి తీగ సరిగానే ఉంది. దాని చుట్టూ ఉండే రాగి జాలీకీ ప్లగ్గుకూ మధ్య అతుకు కోసం కరిగించి వేసిన సోల్డరు మాత్రం బూడిదరంగు గడ్డలా పైపైన కూర్చుంది, దేనినీ పట్టుకోకుండా. గోటితో మీటితే లేచి వచ్చింది. పుస్తకంలో దానికి కోల్డ్ జాయింటు అని పేరు. వేడి చాలకపోతే సోల్డరు అతుక్కున్నట్టు కనిపిస్తుంది గాని అతుక్కోదు. గాలి లేని రోజు ఆనుకుని ఉంటుంది. క్లబ్బువాళ్ళు మీటరు పెట్టిన రోజున గాలి లేదు.

ఆ అతుకు ఎవరు వేశారు? క్లాసులో ఆవిడ సోల్డరు కరిగించే ఐరన్ చేతిలోకి తీసుకున్నప్పుడు, "మీ చేతులు కాలతాయమ్మా, నేను వేసిపెడతానుండండి," అని మేష్టారే తీసుకున్నారు. అందరూ ఆయన మంచితనాన్ని మెచ్చుకున్నారు. ఆవిడ కూడా.

శనివారం ఆ ప్లగ్గును చేతిరుమాలులో చుట్టుకుని వంతెన దాటి క్లబ్బుకు వెళ్ళింది. మేష్టారు ఒక్కరే ఉన్నారు, మరునాటి కోసం బ్యాటరీలకు తీగలు తగిలిస్తూ. ఆవిడ రుమాలు విప్పి ప్లగ్గును ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశారు. ఏమిటని అడగలేదు.

"మీకు తెలుసు," అంది ఆవిడ.

"ప్లగ్గని తెలియదమ్మా. మాట తెగుతోందని తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"మొదటి రోజు నుంచీ."

"మరి అయిదు–తొమ్మిది అన్నారే?"

ఆయన చేతిలోని తీగను సాపు చేస్తూ కూర్చున్నారు. "ఈ వయసులో, ఇంటిపనీ చేతిపనీ చూసుకుంటూ, పరీక్ష రాసి పాసయ్యారు. మొదటి రోజే మీ మాట అర్థం కావడం లేదంటే మనసు విరిగి మానేస్తారని... మిగతావాళ్ళకూ నేనే చెప్పాను, ఆవిడను నొప్పించకండి అని."

"పోస్టు దగ్గర నొప్పించలేదా?"

"అది వరద అమ్మా. అక్కడ మాట తెగితే ప్రాణం మీదికి వస్తుంది."

"అంటే నిజమైన అంకె మీ దగ్గర ఉంది. నాకు ఇచ్చింది వేరు, మీరు వాడుకున్నది వేరు."

మేష్టారి మొహం కందింది. "ఒకటడుగుతాను. మందులషాపాయనకు మీరు రోజూ ఎంత ఇస్తున్నారు?"

"అయిదు–తొమ్మిది."

"ఆయన వెనక తుమ్మెదలు రొద పెట్టినట్టు ఉంటుంది. మీకు వినబడదా?"

వినబడుతుంది. ప్రతి ఉదయమూ వినబడుతుంది. న్యాయం అడగడానికి వచ్చిన మనిషి తానూ బోనెక్కవలసి వస్తుందని అనుకోలేదు.

"మీరు నేర్పిందే కదా మేష్టారూ," అంది చివరికి, నెమ్మదిగా.

"నేను నేర్పిందే," అన్నారాయన.

ఆవిడ ప్లగ్గును మళ్ళీ రుమాలులో చుట్టుకుంది. "ఆయనకు నేను బాకీ. అది నేను చూసుకుంటాను. నాకు మీరు బాకీ. ఆ మొదటి రోజు అంకె నాకు కావాలి."

"ఇప్పుడు చెప్పాను కదమ్మా, తెగుతోందని."

"నాలుగు గోడల మధ్య చెప్పారు. అయిదు–తొమ్మిది అన్నది పదిమందిలో."

ఆయన మళ్ళీ బ్యాటరీ తీగల మీదికి వంగారు. ఆవిడ కొత్త ప్లగ్గూ ఒక ఐరనూ కొనుక్కుని ఇంటికి వచ్చింది.

కేబులు కొసను కిటికీలోంచి లోపలికి లాగి, బల్ల మీద బరువు పెట్టి కదలకుండా చేసింది. తొడుగు కోసి, రాగి జాలీని సూదిమొనతో పాయలు తీసి వెనక్కి దువ్వింది. ఐరన్ వేడెక్కేదాకా ఆగింది. మొదటిసారి తొందరపడింది, సోల్డరు మళ్ళీ బూడిదరంగుకే తిరిగింది. దాన్ని గీకేసి, ఈసారి సోల్డరును కాక ప్లగ్గునే వేడి చేసింది. వేలికి చురుక్కుమంది. నోట్లో పెట్టుకుని చప్పరించి, మళ్ళీ పట్టుకుంది. లోహం బాగా కాగాక సోల్డరు తీగ ఆనిస్తే, అది దానంతటదే లోపలికి జారి, పాదరసంలా మెరిసి ఆగింది.

"అయిందా?" అంది వదిన.

"అయిందనే అనుకుంటున్నాను."

"మరి అడుగు ఎవరినైనా."

"ఎవరిని అడగను?" ఆవిడ చల్లారుతున్న ప్లగ్గు వంక చూస్తూ కూర్చుంది. "బాగున్నా అయిదు–తొమ్మిదే అంటారు. బాగులేకపోయినా అయిదు–తొమ్మిదే అంటారు. బాగైందని నాకెలా తెలుస్తుంది వదినా?"

ఏ ప్రశ్నకైనా ఎదురు ప్రశ్న వేసే వదిన ఈసారి లేచి, కాలిన వేలికి గిన్నెడు చన్నీళ్ళు తెచ్చిపెట్టింది.

ఆదివారం కసరత్తు మొదలైంది. ఏరు నిమ్మళంగానే పారుతోంది. వంతెనకు మాత్రం ఉత్తుత్తి గొలుసు వేశారు. ఆవిడకు పనేమీ లేదు. అయినా సెట్టు ముందు కూర్చుంది. ఇవతలి గట్టుకు ఏమేం కావాలో మందులషాపాయన పంపుతున్నాడు. గొంతు గట్టిగానే ఉంది, దాని కింద రొద అంతకంటే గట్టిగా ఉంది.

"అయిదు–తొమ్మిది," అన్నారు మేష్టారు. "ఎన్ని దుప్పట్లో మళ్ళీ చెప్పండి?"

ఆయన చెప్పాడు.

"అయిదు–తొమ్మిది. దుప్పట్ల లెక్క అందలేదు. మళ్ళీ?"

ఆసుపత్రి ఆయన కలగజేసుకుని, తనకు ఫలానా అంకె వినబడిందన్నాడు. వంతెన దగ్గరాయనకు ఇంకోటి వినబడింది. ఇద్దరూ మందులషాపాయనకు అయిదు–తొమ్మిది ఇచ్చారు. మందులషాపాయన గొంతులో కంగారు మొదలైంది. "బాగానే వినిపిస్తున్నానంటారు, మళ్ళీ చెప్పమంటారు! నా నోరు తిరగడం లేదా ఏమిటండీ?"

బైండరమ్మకు ఆ కంగారు బాగా తెలుసు. ఇన్నాళ్ళుగా తనను తొలుస్తున్నది అదే.

రేడియో మీద ఒక పద్ధతి ఉంది. ఎవరు మాట్లాడుతున్నా, అవసరముండి 'బ్రేక్' అన్నవాళ్ళకు దారి ఇవ్వాలి. ఆవిడ మైకు మీట నొక్కింది. తన మాట అవతలికి చేరుతుందో తెగుతుందో తెలియదు.

"బ్రేక్."

మేష్టారు, "చెప్పండి," అన్నారు.

"మందులషాపు స్టేషనుకు. మీకు మూడు–తొమ్మిది. బలంగానే వస్తున్నారు. వెనక పెద్ద రొద ఉంది, మీ అంకెలు అందులో మునిగిపోతున్నాయి. మీ నోటి తప్పేమీ లేదు. ఇన్నాళ్ళూ రోజూ నేను మీకు అయిదు–తొమ్మిది ఇచ్చాను. అది అబద్ధం. రోజూ మూడే."

వదిన చేతిలో చేట అలాగే ఆగింది.

"అక్కగారూ," అన్నాడు మందులషాపాయన. "రొదా? ఒక్కరైనా చెప్పరేమిటండీ ఇన్నాళ్ళూ? ఇక్కడ ఫ్రిజ్జు గోడు తప్ప ఇంకేం... అయ్యో! ఒక్క నిమిషం ఆగండి." దబదబ ఏవో జరిపిన చప్పుడు. మళ్ళీ వచ్చిన గొంతు వెనక నిశ్శబ్దం ఉంది. "సెట్టును వాకిట్లోకి తెచ్చి బ్యాటరీకి తగిలించానండీ. ఇప్పుడు ఎలా వినిపిస్తున్నాను?"

"అయిదు–ఎనిమిది," అంది ఆవిడ. "పంపండి మీ దుప్పట్లు."

ఈసారి లెక్క ఒక్కసారికే అందింది. అవతల కాగితాల చప్పుడు వినబడింది. తరవాత మేష్టారి మైకులోంచి పరాయి గొంతొకటి, అధికారిది: "ఇప్పుడు మాట్లాడినావిడ ఎవరండీ? ఇవతలి గట్టే కదా? ఆ స్టేషను మన ఏర్పాట్లలో లేదేం?"

మేష్టారు ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. రెండో విడతకు ఉంచామనవచ్చు. ఆవిడ మైకును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"అందరూ వినండి," అన్నారు మేష్టారు. గొంతులో తడబాటు లేదు, తొందరా లేదు. "ఇవతలి గట్టు బైండరమ్మగారికి నేను బాకీ ఉన్న రిపోర్టు. మొదటి రోజు ఉదయం ఆవిడ స్టేషను: రెండు–ఆరు. మాట తునకలుగా వచ్చింది. నేను అయిదు–తొమ్మిది అన్నాను, మీ అందరిచేతా అనిపించాను. కారణం ప్లగ్గులో చెడ్డ అతుకు. ఆ అతుకు ఆవిడ వేసింది కాదు, నేను ఆవిడ చేతిలోంచి ఐరన్ లాక్కుని వేసింది. గాలి లేని రోజున నాలుగు, గాలి ఉంటే రెండు. ఏ ఒక్కనాడూ అయిదు కాదు. పోస్టు ఇవ్వనిది అందుకు. ఎందుకో చెప్పనిది నా తప్పు." ఊపిరి తీసుకున్నారు. "ఇప్పటి రిపోర్టు: నాలుగు–ఏడు. ఎక్కడా తెగడం లేదు. మైకును మరీ నోటి దగ్గర పెట్టుకుంటున్నారు, అందువల్ల కొన్ని అక్షరాలు పేలుతున్నాయి. ఆ ఒక్కటి అందుకే తగ్గించాను."

"నాలుగు–ఏడు పోస్టుకు చాలదా?" అంది అధికారి గొంతు.

"చాలుతుంది సార్."

"మరి రాసుకోండి. ఇవతలి గట్టుకు ఇద్దరు."

"రాస్తున్నాను." మేష్టారు ఆగారు. "బైండరమ్మగారూ, ఇంకేమైనా మిగిలిందా?"

ఆవిడ మైకును బెత్తెడు దూరం జరిపి, మీట నొక్కింది.

"లేదు మేష్టారూ. మొత్తం ముట్టింది."